చుక్క ఆగలేదు

“కట్టేసింది నేనే,” అంది ఎనిడ్ హాకింగ్. “రాసుకో తల్లీ. ఆ పట్నం ఆయనకి ఇప్పటికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి అడిగినా మాట మారదు. టీలో పంచదార ఎంత?”

“వద్దు ఆంటీ.”

“ఒక చెంచా వేస్తాను. మొహం పాలిపోయింది నీకు.”

సార్జెంట్ నెరిడా కోల్‌బర్ట్ గడియారం చూసుకుంది. నాలుగూ పది. ఇన్‌స్పెక్టర్ ట్రెలోర్ అయిదింటిదాకా ఆగుతానన్నాడు. అయిదు కొట్టగానే డెబ్భై ఒక్కేళ్ళ ఈవిణ్ణి బండెక్కించి మెల్‌బోర్న్ తీసుకుపోతాడు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసిందని కేసు. నలభై ఏళ్ళపాటు బిల్లరూ పిల్లలందరికీ ఈత నేర్పిన మనిషి ఎనిడ్. నెరిడా కూడా ఆ చేతుల్లో మునిగి తేలినదే. అలాంటి మనిషి ఒకర్ని నీళ్ళు లేకుండా చేసి చంపిందని రేపు పేపర్లో వస్తుంది.

జరిగింది ఇంతే. బిల్లరూ సంగీతోత్సవం, మొదటిరోజు. నలభై మూడు డిగ్రీలు. తొమ్మిది వేలమంది జనం. ఎక్కడ చూసినా ‘పాటకో కప్పు నీళ్ళు’ అని బోర్డులు. పన్నెండూ యాభైకి మంచినీళ్ళ కుళాయిలు ముప్ఫై రెండూ ఒక్కసారిగా ఎండిపోయాయి. రెండుంబావుకి, పై మైదానంలో నీళ్ళ ట్యాంకు నీడన టాజ్ మెక్‌లీరీ శవం కనబడింది. ఇరవై ఆరేళ్ళు. ఉత్సవానికి నీళ్ళ గొట్టాలు వేసినవాడు, చూసుకునేవాడు. వడదెబ్బ అన్నారు వైద్యశిబిరం వాళ్ళు. ఆ ట్యాంకు అడుగున ఉన్న వాల్వు గట్టిగా బిగించి ఉంది.

బిగించింది ఎవరని ట్రెలోర్ అడిగాడు. స్వచ్ఛంద సేవకుల గుడారంలో పిల్లల్ని తిట్టి మరీ నీళ్ళు తాగించే పని మీదున్న ఎనిడ్ చెయ్యెత్తింది. అంతే, అరగంటలో కేసు తేలిపోయింది.

“ఎన్నింటికి కట్టేశారు?”

“ఒంటిగంటా పది.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తారు?”

“రేడియోలో వార్తలయ్యాక వాతావరణం చెప్తారుగా. అది విని లేచాను. అరవై ఏళ్ళుగా వింటున్నాను, ఏనాడైనా వాన పేరెత్తుతారేమోనని.”

“ఎత్తారా?”

“ఎత్తితే నీకు చెప్పకుండా ఉంటానా? ఊళ్ళో డప్పు కొట్టించేదాన్ని. కుళాయిలు ఎండిపోయాయి కదా, సంగతేమిటో చూద్దామని కంచె తీగెల్లోంచి దూరి ట్యాంకు దగ్గరికి నడిచాను. అడుగున చుక్క కారుతోంది. కారుతున్న కుళాయి చూసి నా చెయ్యి ఊరుకోదమ్మా. మా ఇంట్లో ఏడుగురం ఒక్క తొట్టి నీళ్ళలో స్నానం చేసి పెరిగాం. నా వంతు ఆఖరు. నా దగ్గరికి వచ్చేసరికి అవి నీళ్ళు కావు, మాంసం సూపు. అందుకే కట్టేశాను. దానివల్ల ఒక పిల్లాడు...” టీ కప్పు అందించింది. “వాడు దాహం దాహం అని ఆ ట్యాంకు దగ్గరికే పాకి వచ్చుంటాడు.”

నెరిడా కప్పు అందుకుంది. తాగలేదు.

“కట్టేశాక చుక్క ఆగిందా?”

ఎనిడ్ కళ్ళు చిట్లించింది. ట్రెలోర్ ఈ ప్రశ్న అడగలేదని ఆ చూపే చెప్పింది.

“ఆగలేదు. అదే నాకు ఒళ్ళు మండింది. ఇంకో చుట్టు బిగించాను. అయినా కారుతోంది. సరే పొమ్మని చిన్న బకెట్టు పెట్టి వచ్చాను. పావు తక్కువ రెండుకి మళ్ళీ వెళ్ళి చూస్తే చుక్క ఆగిపోయింది, బకెట్లో ముప్పాతిక లీటరుంది. పాలసీసాలో పోసుకున్నాను.”

“పారబోయలేదు.”

“నెరిడా కోల్‌బర్ట్! నిన్ను నేనేనా పెంచింది? కాస్త పచ్చగా ఉంది, మనుషులకి పనికిరాదు. నా కోళ్ళకి చాలు.” బల్లకింద ఉన్న సీసాని కాలితో ఇంకాస్త నీడలోకి తోసింది. “టీకి భయపడకు. అవి మా ఇంటి వానతొట్టి నీళ్ళు. ఊరివాళ్ళ కుళాయి నీళ్ళతో నేను టీ పెట్టను.”

“పావు తక్కువ రెండుకి వెళ్ళినప్పుడు టాజ్ అక్కడ ఉన్నాడా?”

“లేడు.”

“నీడలో, వెనకవైపు?”

“చుట్టూ తిరిగి చూశానమ్మా, ఇంకెక్కడైనా కారుతోందేమోనని. లేడు. ఇంకో చుక్కేమైనా పడిందా అని రెండుంబావుకి వెళితే ఉన్నాడు. బతికున్న మనిషిలా లేడు.”

అరగంట. పావు తక్కువ రెండుకి లేనివాడు రెండుంబావుకల్లా చచ్చి, బిగుసుకుపోయి ఉన్నాడు. నెరిడా అది రాసుకుని, కింద రెండు గీతలు గీసింది.

గుడారం తెర తొలగింది. ట్రెలోర్. యాభై ఏళ్ళవాడు, మడత నలగని చొక్కా. మత్తుమందుల నిఘాకని రెండ్రోజుల ముందే దిగాడు. అవి దొరక్క కడుపుమంట మీద ఉన్నాడు. ఒక చేతిలో కాగితం కప్పు, నిండా నీళ్ళు. వెనకాలే క్లైవ్ బ్రాడ్‌బెంట్, నీళ్ళ ట్రక్కు మనిషి, ఎనిడ్‌కి పక్క పొలంవాడు. మూడింటికి ట్రక్కు నిండా నీళ్ళు తెచ్చి కుళాయిలకి కలిపాడని పొద్దున అతని పేరు తెలియనివాళ్ళు కూడా ఇప్పుడు భుజం తడుతున్నారు.

“ఎనిడ్, బెంగపడకు,” అన్నాడు క్లైవ్. “ఎవరైనా అదే చేస్తారు. గురువారం నేను ఇరవై వేల లీటర్లు నింపాను ఆ ట్యాంకులో. వాల్వు కట్టేసి ఉందని ఎవరికి తోస్తుంది?”

ఓదార్పు బాగానే ఉంది. ఉరితాడుకి వెన్న రాసినట్టు ఉంది.

“సార్జెంట్, అయిందా?” అన్నాడు ట్రెలోర్.

“లేదు బాస్. టాజ్ నీళ్ళ సీసా దొరకలేదు.”

“సీసానా?”

“నడుముకి కొక్కెం ఉంది. సీసా లేదు. ఇక్కడ పనిచేసే ప్రతివాడూ సీసా నడుముకి కట్టుకుంటాడు. గొట్టాలవాడు సీసా లేకుండా తిరగడు.”

“ఓహో. అయితే సీసా హత్యకేసు పెడదాం. హంతకుడెవరు, మూతా?” తన మాటకి తనే నవ్వాడు. “మనిషికి దాహం వేసింది. నీళ్ళు లేవు. చచ్చిపోయాడు. కట్టేసినావిడ ఒప్పుకుంది. ఇందులో నీకు అర్థం కానిదేమిటి?”

“మూడు సంగతులు. ట్యాంకు దగ్గరికి వస్తే చూపిస్తాను. పది నిమిషాలు.”

“అయిదు కొడితే ఆవిడ నా బండిలో ఉంటుంది.”

“ఉండనీండి. మీరు ముందు నా బండిలో కూర్చోండి.”

పై మైదానం గేటు ముందు నెరిడా జీపు ఆపింది. ఆపి, ఊరుకుంది. పక్కసీట్లో ట్రెలోర్ కూడా ఊరుకున్నాడు. చేతిలో కప్పు అలాగే ఉంది. కొంతసేపు ఇద్దరూ గేటుకేసి చూశారు.

“ఏమిటి?”

“దిగండి బాస్.”

“నేనా?”

“ఇక్కడ బండి నడిపేవాళ్ళు గేటు తియ్యరు. పక్కన కూర్చున్నవాళ్ళు దిగి తీసి, బండి దాటాక మళ్ళీ మూసి ఎక్కుతారు. మూసి ఉన్న గేటు మూసే వెళ్ళాలి. గొర్రెలు బయటపడితే మిమ్మల్ని ఇక్కడ ఎవరూ పెళ్ళికీ పిలవరు, చావుకీ పిలవరు.”

ట్రెలోర్ దిగాడు. గడియ మీద చెయ్యి వేసి కెవ్వుమన్నాడు. చొక్కా అంచుతో పట్టుకుని తీసి, మూసి, వేళ్ళు ఊదుకుంటూ ఎక్కాడు.

“కాలిందా?”

“కనబడ్డంలేదా!”

“కనబడింది. అది మొదటి సంగతి. గుర్తుంచుకోండి.”

ట్యాంకు ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది, రెండు నిలువుల ఎత్తు. నెరిడా చెయ్యి అందినంత పైనుంచి కిందికి అరచెయ్యి రాసుకుంటూ వచ్చింది, చీలమండ దాకా. వానతొట్లతో పెరిగిన పిల్లలకి మూత తియ్యకుండానే నీటిమట్టం తెలుస్తుంది. నీళ్ళున్నంత మేరా చల్లగా ఉంటుంది, పైన వేడి.

“అంతా వేడే,” అంది. “చుక్క లేదు. మీరూ చూడండి, భయంలేదు, ఇది ప్లాస్టిక్. వేడిగా ఉంటుందే గాని బొబ్బలెక్కదు.”

ట్రెలోర్ వేలు ఆనించి తీశాడు. “ఖాళీ. అయితే? అదేగా గొడవ.”

“వాల్వు కట్టేస్తే నీళ్ళు బయటికి రావు. మరి లోపల ఉండాలిగా బాస్?”

ఆయన ఇంకోసారి ట్యాంకు తట్టి చూశాడు.

“ఎనిడ్ కట్టేసింది ఒంటిగంటా పదికి. కుళాయిలు ఎండింది పన్నెండూ యాభైకి. అంటే ఆవిడ చెయ్యి పడక ఇరవై నిమిషాల ముందే. పైగా కట్టేసినా చుక్క ఆగలేదు. ట్యాంకులోంచి కారే చుక్క అయితే ఆగేది. కారింది ట్యాంకులోంచి కాదు, కుళాయిలకి వెళ్ళే గొట్టంలోంచి.”

“ఆ తర్వాత ఎవరో వాల్వు తీసి వదిలేసి ఉంటారు.”

“ఇరవై వేల లీటర్లు వదిలితే మనం ఇప్పుడు మోకాలిలోతు బురదలో నిలబడి మాట్లాడుకోవాలి. మీ బూట్లు చూసుకోండి.”

బూట్ల మీద దుమ్ము తప్ప తడి లేదు.

నెరిడా నిచ్చెన ఎక్కింది. పైన, ట్రక్కు గొట్టం పెట్టి నీళ్ళు నింపే కంత ఉంది. దానికి మూత లేదు. మూత అక్కర్లేకుండా కందిరీగలు మట్టితో కంత అడ్డంగా గూడు కట్టుకున్నాయి. ఎండి గట్టిపడిన మట్టి. ఎక్కడా బీట లేదు. ఒక కందిరీగ బయటికొచ్చి, ఎవరు నువ్వన్నట్టు చూసి లోపలికి పోయింది.

“బాస్, గురువారం ఇందులో ఇరవై వేల లీటర్లు పోశారట. ఈ గూటికి మూడు వారాల వయసుంటుంది. నీళ్ళు దీన్ని ముట్టుకోకుండా లోపలికి ఎలా వెళ్ళాయో కనుక్కోవాలి. బహుశా అనుమతి అడిగి ఉంటాయి.”

ట్రెలోర్ ఈసారి నవ్వలేదు. “మరి పొద్దున్నుంచీ కుళాయిల్లో వచ్చిన నీళ్ళెక్కడివి?”

“ఆ మాట కోసమే మిమ్మల్ని ఇంతదూరం తెచ్చాను.”

వాల్వుకి జానెడు అవతల గొట్టానికి కొత్త అతుకు. అక్కడినుంచి నల్లటి గొట్టం ఒకటి, పైన గడ్డి కప్పి, కంచెదాకా పోయింది. అతుకు కింద నేల మీద గుండ్రటి మచ్చ, ఎనిడ్ బకెట్టు పెట్టిన చోటు. గొట్టం వెంట ఇద్దరూ నడిచారు. కంచె అవతల పల్లం. పల్లంలో చెరువంత గుంట. గట్టు మీద పంపు పెట్టి లాగేసిన గీతలు, లారీ చక్రాల అచ్చులు. నీటిమీద పచ్చ రంగు పెయింటు ఒలకబోసినట్టు తెట్టు. కుళ్ళిన గడ్డి వాసన. గట్టున ఎర్ర బోర్డు మొహం కిందకేసి పడుకోబెట్టి ఉంది. నెరిడా కాలితో తిరగేసింది: ‘విషపు నాచు. పశువులకు కూడా పెట్టరాదు.’ నవంబరు తేదీ.

ట్రెలోర్ అలవాటుగా కప్పు నోటిదగ్గరికి ఎత్తాడు. నెరిడా చేత్తో కొట్టింది. కప్పు ఎగిరి బోర్డు మీద పడింది.

“ఎన్ని తాగారు?”

“ఇది మూడోది.” ఆయన మొహం కూడా పచ్చబడటం మొదలైంది. “కానీ ఇవి క్లైవ్ ఊరినుంచి తెచ్చినవి.”

“పన్నెండూ యాభై అయిదుకి వెళ్ళాడు, మూడింటికి వచ్చాడు. ఊరికి వెళ్ళి రావడానికి ఆ టైము సరిపోతుంది. ఈ గుంట దగ్గరికి వచ్చి నింపుకోవడానికీ సరిపోతుంది, ఇంకో పని చేసుకోవడానికీ సరిపోతుంది. వైద్యశిబిరం నర్సు నాతో ఒక మాటంది. ఎండదెబ్బని శిబిరంలో చేర్చిన నలభై మందీ వాంతులు, కడుపునొప్పి అంటున్నారు. వాళ్ళంతా బోర్డు చూసి పాటకో కప్పు తాగినవాళ్ళట. పొద్దున్నుంచీ బీరు తప్ప ముట్టనివాళ్ళు కులాసాగా గంతులేస్తున్నారట. బుద్ధిగా చెప్పిన మాట విన్నవాళ్ళకే ఈ గతి ఎందుకు పట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.”

ట్రెలోర్ రేడియో తీసి కుళాయిలన్నీ కట్టించమన్నాడు. ఎవరో అవతల ‘ఈ ఎండలోనా’ అన్నారు. ఆయన అన్న మాట ఇక్కడ రాయక్కర్లేదు. కుళాయిలు కట్టేశారు.

“మెక్‌లీరీ,” అన్నాడు ట్రెలోర్ మెల్లిగా.

“క్లైవ్ డబ్బు తీసుకున్నది ఊరినీళ్ళకి, ఎక్కించింది ఈ గుంట నీళ్ళు. టాజ్ కొత్త అతుకు కనిపెట్టాడు. గొట్టాలవాడు కదా, తన పనిలో ఎవడు వేలుపెట్టాడా అని వెతుక్కుంటూ వచ్చాడు. సీసాలో ఈ నీళ్ళు పట్టుకున్నాడు, పరీక్షకి ఇద్దామని. అందుకే సీసా లేదు. అప్పుడే క్లైవ్ అతన్ని చూసి పంపు ఆపేశాడు, కుళాయిలు ఎండాయి. అతని అరచేతులు చూశారా మీరు?”

“బొబ్బలు. ట్యాంకుని పట్టుకుని ఉంటాడని రాశాను.”

“ప్లాస్టిక్ ట్యాంకు బొబ్బలెక్కించదు. ఇందాక మీ వేళ్ళని కాల్చింది ఏది?”

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. “ఇనుము.”

“ఇనప గోడల్ని రెండు చేతులతో బాదాడు. చాలాసేపు. ఈ మైదానంలో మనిషి పట్టేంత ఇనప డబ్బా, మూత బయటినుంచి బిగించేది, ఖాళీగా ఎండలో నిలబడింది ఒక్కటే ఉంది, నీళ్ళ ట్రక్కు మీద. అందులో గంట ఉంటే చాలు, వడదెబ్బ కాదని ఏ డాక్టరూ అనలేడు. దాహంతో చచ్చినట్టు కనబడాలని ట్యాంకు నీడలో పడుకోబెట్టాడు. వాల్వు కట్టేసిన ఒక ముసలావిడ తనంతట తనే దొరకడం క్లైవ్ బ్రాడ్‌బెంట్ అదృష్టం.”

“ఊహ. అంతా ఊహే.” కానీ గొంతులో పస లేదు. “మూడింటి లోడులో నాచుంటే అది ఊరినీళ్ళ తప్పంటాడు. గుంటతో తనకేం సంబంధం అంటాడు. పొద్దున కుళాయిల్లో వచ్చినవి ఈ నీళ్ళేనని చూపించడానికి చుక్కయినా లేదు. ఉన్న ఒక్క సీసా కూడా...”

అక్కడ ఆగాడు, ఎందుకంటే నెరిడా మొహం మారింది.

“ఉంది,” అంది. “ముప్పాతిక లీటరు. బల్లకింద, పాలసీసాలో. కోళ్ళకోసం.”

రేడియో అందుకుంది. గుడారం దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబుల్ పోలీన్ పలికింది.

“ఎనిడ్‌ని అక్కడినుంచి కదలనివ్వకు. బల్లకింద పాలసీసా...”

“ఆవిడ వెళ్ళిపోయారు సార్జెంట్. పది నిమిషాలైంది.”

“ఎక్కడికి?”

“ఇంటికి. ఇంకా అరెస్టు కాలేదు కదా అన్నారు. అయిదింటికల్లా వచ్చేస్తాను, కోళ్ళకి నీళ్ళు పెట్టకుండా మెల్‌బోర్న్ రాను అని పట్టుబట్టారు. క్లైవ్ ట్రక్కు ఖాళీ అయిందట, ఇంకో లోడుకి వెళ్తున్నానన్నాడు. మొదట ఎక్కించుకోనన్నాడు. ఆవిడ సీసా చూపించి, ఇవి నీ ట్యాంకు దగ్గర పట్టిన నీళ్ళే, వృథా చెయ్యకూడదు కదా అని నవ్వారు. అప్పుడు తనే చెయ్యిచ్చి ఎక్కించాడు.”

నెరిడా జీపు ఎక్కింది. ట్రెలోర్ అడగకుండానే గేటు తీశాడు, మూశాడు, వేళ్ళు ఊదుకోలేదు. ఎనిడ్ ఇంటికి ఎనిమిది నిమిషాల దారి. మధ్యలో ఒకసారి ఆయన తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు. ఆవిడ జీపు ఆపలేదు, ఆయన ఆపమనలేదు. సాయానికి పోలీసు బండ్లు రెండు వస్తున్నాయని రేడియో చెప్పింది. ఇరవై నిమిషాలట.

ఎనిడ్ ఇంటి మలుపు తిరిగేసరికి రోడ్డు మీద గొర్రెలు. పది, పన్నెండు. హారను కొట్టినా కదల్లేదు. దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. ఆ దుమ్ము వెనక ఇంటిగేటు.

“నయం,” అన్నాడు ట్రెలోర్ మూతి తుడుచుకుంటూ. “తెరిచే ఉంది. దిగక్కర్లేదు.”

నెరిడా బ్రేకు మీద కాలు వేసింది.

డెబ్భై ఒక్కేళ్ళుగా ఆ గేటు మూసే ఉంది. మొగుడు పోయినరోజు అంబులెన్సు వచ్చినప్పుడు కూడా, ఎనిడ్ హాకింగ్ దిగి, మూసి, గడియ సరిచూసి, అప్పుడు ఏడ్చింది. ట్రక్కులో పక్కసీట్లో కూర్చున్నది ఆవిడే అయితే, ఆ గేటు ఇలా ఉండదు.

ఇంజను ఆపింది. తుపాకీ తీసింది. గేటుకి అవతల, షెడ్డు పక్కన, మండుటెండలో నీళ్ళ ట్రక్కు నిలబడి ఉంది. డ్రైవరు తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. మెట్టు మీద పాలసీసా, మూత లేకుండా, తలకిందులుగా.

“క్లైవ్ ఎక్కడ?” గుసగుసగా అడిగాడు ట్రెలోర్.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. వింటోంది.

ట్రక్కు ఇనప డబ్బాలోంచి చప్పుడు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. అరచేత్తో బాదే చప్పుడు కాదు. కాలిన ఇనుము ముట్టుకోకూడదని డెబ్భై ఏళ్ళు ఈ నేలమీద బతికినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిడ్ బూటు విప్పి, దాని మడమతో కొడుతోంది.

షెడ్డులో ఎవరో గడియ వేసుకున్నారు. లోపల తుపాకీలో తూటా ఎక్కిన శబ్దం స్పష్టంగా వినిపించింది.

నెరిడా నేలమీదకి వంగింది. ట్రక్కుకీ తనకీ మధ్య నలభై అడుగులు, అంతా బయలు. చప్పుడు మళ్ళీ వచ్చింది, ముందుకన్నా మెల్లిగా.

ఇంకా ఆగలేదు.